తుఫాను దారి మారిపోతూ ఉంటే కేయాస్ సిద్ధాంతం వల్ల ప్రయోజనం ఏమిటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న:

మా అమ్మాయి డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతోంది. ఈ మధ్య పాఠాల్లో వచ్చిన కేయాస్ సిద్ధాంతాన్ని నాకు వివరించింది. నాకు అర్థమైనంతలో, ప్రకృతి నియమాలు కచ్చితంగానే ఉన్నా, తొలి స్థితిలో అతి స్వల్పమైన తేడా ఉంటే చాలు, కొంతకాలానికి ఫలితం పూర్తిగా మారిపోతుంది. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను గురించి మన తీరమంతా హెచ్చరికలు వచ్చాయి, తీరా అది ఒడ్డు చేరకముందే బలహీనపడి వాయుగుండంగా మారింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం, మన గజపతి జిల్లా కొండల్లో కుండపోతగా వానలు కురిసి, బరఘరాలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. గాలీ వానా ఇంత నిలకడ లేనివైతే, ఈ సిద్ధాంతం ప్రపంచాన్ని అర్థం చేసుకోవడానికి నిజంగా సాయపడుతోందా, లేక మనకు తెలియదన్న మాటనే గణితంలో మర్యాదగా చెబుతోందా? తెలిసినవారు వివరించగలరు.

లెక్కల మాస్టారు (బరంపురం):

నియమం తెలియడం వేరు, ఆ నియమంతో ఎంత దూరం ముందుకు చూడగలమన్నది వేరు. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి. మన ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత (1835–1904) వెదురుతోనూ కొయ్యతోనూ స్వయంగా చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచి గ్రహణాలను లెక్కకట్టారు. వెదురుతో తీసిన ఆ కొలత గ్రహణానికి సరిపోయింది గానీ, ఉపగ్రహాలతో తీసిన కొలత సైతం నెల తరువాత ఫలానా రోజున వాన పడుతుందో లేదో చెప్పడానికి చాలడం లేదు. గాలిని నడిపే నియమాలు గ్రహాలను నడిపే నియమాల కంటే తక్కువ కచ్చితమైనవి కావు. కొలతలోని తప్పు ఎంత వేగంగా పెరుగుతుందన్న దగ్గరే అసలు తేడా ఉంది.

మీ అమ్మాయి చేత ఒక చిన్న లెక్క చేయించండి. సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్యను తీసుకుని, దాన్ని 1 నుంచి తీసివేయగా వచ్చినదానితో ఆ సంఖ్యనే గుణించి, ఆ లబ్ధాన్ని 4తో గుణించాలి. వచ్చిన ఫలితాన్ని మళ్లీ అదే సూత్రంలో పెడుతూ పోవాలి. 0.3తో మొదలుపెడితే 0.84, ఆపైన 0.5376 వస్తాయి. ఇప్పుడు 0.300001తో మరో వరుస మొదలుపెట్టండి. ఒక్కో మెట్టుకు తేడా సగటున రెట్టింపవుతుంది కనుక, పది లక్షలలో ఒక వంతుగా ఉన్న తేడా ఇరవై మెట్లు దాటేసరికి అసలు సంఖ్యలంత పెద్దదై, ఆ రెండు వరుసలకూ పోలికే లేకుండా పోతుంది. తొలి కొలతను పది రెట్లు మెరుగుపరిస్తే పది రెట్ల దూరం కనబడుతుందా అంటే కనబడదు, అదనంగా మూడు మెట్లకు పైచిలుకు మాత్రమే కనబడుతుంది. కేయాస్ సిద్ధాంతం నుంచి ఒక్క సంగతే గుర్తుంచుకోమంటే నేను ఈ లెక్కనే ఎంచుకుంటాను.

అదే సూత్రంలో 4కు బదులు 2.8 పెడితే, ఎక్కడ మొదలుపెట్టినా వరుస చివరకు 0.642857 దగ్గర నిలిచిపోతుంది. 4 స్థానంలో పెట్టే ఆ గుణకం సుమారు 3.57 దాటిన తరువాతే కేయాస్ కనబడుతుంది, ఆ పైన కూడా అక్కడక్కడా క్రమబద్ధమైన భాగాలు ఉంటాయి. ప్రాణుల సంఖ్య ఏటేటా మారే తీరుకు ఈ సూత్రాన్నే తీసుకుని, ఇంత సరళమైన నియమం నుంచి ఇంత జటిలమైన ప్రవర్తన వస్తుందని రాబర్ట్ మే 1976లో చూపించారు.

1961లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్‌కు ఎదురైనదీ ఇదే. కంప్యూటర్‌లోని వాతావరణ నమూనాను మధ్యలోంచి మళ్లీ నడపడానికి ఆయన 0.506127కు బదులు, కాగితం మీద అచ్చయిన 0.506ను ఎక్కించారు. రెండు వరుసలూ కొంతసేపు కలిసి నడిచి ఆ తరువాత విడిపోయాయి. మొదట ఆయన యంత్రం పాడైందనే అనుకున్నారు. 1969లో ఆయన మరొక అడుగు వేసి, చిన్న సుడుల్లోని తప్పు పెద్ద సుడుల్లోని తప్పు కన్నా త్వరగా పెరుగుతుంది కనుక, పరికరాలను ఎంత మెరుగుపరిచినా రోజువారీ వాతావరణ అంచనాకు సుమారు రెండు వారాల హద్దు ఉంటుందని వాదించారు. ఇలాంటి హద్దు గ్రహాలకూ ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జాక్ లాస్కర్ 1989లో చేసిన లెక్క ప్రకారం అక్కడ తప్పు రెండున్నర రెట్లకు పైగా పెరగడానికి సుమారు 50 లక్షల సంవత్సరాలు పడుతుంది, కాబట్టి పంచాంగం రాసేవారికి ఆ చింత అక్కరలేదు.

తీరవాసి (గోపాల్‌పూర్):

మాస్టారి వివరణకు ఆచరణలో ఉన్న సంగతి ఒకటి చేరుస్తాను. మా వాడలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. వాతావరణ శాఖ పటంలో తుఫాను ముందు గీసే గరాటు ఆకారాన్ని చూసి, తుఫాను రోజురోజుకూ అంతగా పెద్దదవుతుందని అనుకునేవారు ఇప్పటికీ కనబడతారు. అది తుఫాను పరిమాణం కాదు. గత సంవత్సరాల అంచనాల్లో సగటున ఎంత తప్పు వచ్చిందో చూసి, ముందుకు పోయేకొద్దీ అంత వెడల్పుగా దాన్ని గీస్తారు. అంటే తెలియనిదాన్ని కూడా కొలిచి చూపిస్తున్నారన్నమాట.

ఒకే నమూనాను తొలి స్థితిలో చిన్న చిన్న మార్పులు చేసి అనేకసార్లు నడిపే పద్ధతి కూడా ఉంది. యూరప్ వాతావరణ కేంద్రం దీన్ని 1992 నుంచి వాడుతోంది, మన దేశంలో 12 కిలోమీటర్ల గడులుగా విడదీసి లెక్కించే ఇలాంటి వ్యవస్థలు 2018 జూన్‌లో వచ్చాయి. దారులన్నీ దగ్గరదగ్గరగా వస్తే అంచనాను ధైర్యంగా చెప్పవచ్చు, చెల్లాచెదురైతే ఆ సంగతినే చెప్పాలి. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో సుమారు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. అదంతా గణితం ఘనత అని నేను అనను, షెల్టర్లు కట్టినవారిదీ ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించినవారిదీ అందులో పెద్ద వాటా.

కొండదారి (రాయగడ):

మరి జీడిపిక్కల ధర కూడా ఇలాంటిదేనా? ధరలు, ఎన్నికలు, మనిషి జాతకం అన్నీ సీతాకోకచిలుక రెక్కల ప్రభావమేనని ఒక ఉపన్యాసంలో విన్నాను.

లెక్కల మాస్టారు (బరంపురం):

ఆ ఉపన్యాసకులు లోరెంజ్ 1972లో చేసిన ప్రసంగాన్ని శీర్షిక దాటి చదివినట్టు లేదు. బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సస్‌లో టోర్నడో పుడుతుందా అన్న ఆ శీర్షిక కూడా ఆయన పెట్టినది కాదు, ఆ సమావేశాన్ని ఏర్పాటు చేసిన ఫిలిప్ మెరిలీస్ పెట్టినది. రెక్కల కదలిక టోర్నడోను పుట్టించగలిగితే రాకుండా ఆపనూ గలదని, అలాంటి అల్పమైన కదలికలు ఏళ్ల తరబడి చూస్తే టోర్నడోల సంఖ్యను పెంచవు, తగ్గించవు, మహా అయితే అవి వచ్చే వరుసను మారుస్తాయని లోరెంజ్ అందులోనే చెప్పారు. మన దగ్గర చూడండి: ఫైలిన్ 2013లోనూ హుద్‌హుద్ 2014లోనూ అక్టోబరు 12న, తిత్లీ 2018లో అక్టోబరు 11న తీరం దాటాయి. తేదీలు అంత దగ్గరగా పడటం కాకతాళీయమే. వచ్చే అక్టోబరులో తుఫాను వస్తుందో రాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు గానీ, అక్టోబరు మన తీరానికి ప్రమాదకరమైన నెల అన్న మాట ఏ సీతాకోకచిలుక వల్లా మారదు.

ధరల సంగతి వేరు. ఒడుదొడుకులు ఉన్నంత మాత్రాన దాన్ని కేయాస్ అనకూడదు. బయటి నుంచి తగిలే దెబ్బల వల్ల కూడా అలాంటి గీతే వస్తుంది, ఆ రెండింటినీ విడదీయడం కష్టం. పైగా జీడిపిక్కల ధర పెరుగుతుందన్న అంచనా బయటపడగానే వ్యాపారులు సరుకును ఆపేస్తారు కాబట్టి, ఆ అంచనాయే ధరను మార్చేస్తుంది. తుఫాను బులెటిన్ చదవదు. జాతకంలో కొలవవలసిన రాశి ఏమిటో ఎవరైనా చెబితే అప్పుడు ఆలోచిద్దాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారికీ తీరవాసి గారికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. తుఫాను దారిని మూడు నాలుగు రోజుల ముందే చెప్పగలుగుతున్నప్పుడు, ఫలానా కొండ మీద ఎంత వాన పడుతుందో కూడా అప్పుడే ఎందుకు చెప్పలేకపోతున్నారు?

లెక్కల మాస్టారు (బరంపురం):

తుఫాను దారి వందల, వేల కిలోమీటర్ల మేర పరుచుకున్న గాలుల చేతిలో ఉంటుంది. ఒక వాలు మీద పడే వాన కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న మేఘాల చేతిలో ఉంటుంది, అక్కడ తప్పు రోజుల్లో కాక గంటల్లోనే పెరిగిపోతుంది. అందువల్ల ఒకే తుఫాను గురించి దారికి ఒక హద్దు, వాగులో వచ్చే వరదకు మరొక హద్దు ఉంటాయి. బరఘరా లాంటి ఊళ్ల విషయంలో వాన అంచనా ఇంకా సూక్ష్మం కావాలని ఎదురుచూడటం కన్నా, భారీ వర్షం పడవచ్చని జిల్లాకంతటికీ హెచ్చరిక రాగానే కొండవాలు కింది ఇళ్లను ఖాళీ చేయించడం మేలని నా అభిప్రాయం. వాలు ఎంత నిటారుగా ఉంది, మట్టి పొర ఎంత మందం, పైన చెట్లు మిగిలి ఉన్నాయా అన్నవి ఎండాకాలంలోనే తీరికగా కొలుచుకోవచ్చు, వాటిలో కేయాస్ ఏమీ లేదు.