తారలు పరాయి దేశాల తగాదాలపై మాట్లాడవచ్చునా?

బొబ్బిలి మాస్టారు: సినిమా తారలు, క్రీడాకారులు పరాయి దేశాల రాజకీయ వివాదాలకు దూరంగా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ పొలిమేరల్లో రైతుల ఆందోళన సాగుతుండగా గాయని రిహానా ఒక ట్వీట్ పెట్టడం, మరునాడే మన విదేశాంగ శాఖ ప్రకటన వెలువరించవలసి రావడం అందరికీ తెలిసినవే. సాగు చట్టాల మంచిచెడ్డలు పక్కకుపోయి, చర్చ అంతా ఆమె చుట్టూ తిరిగింది.

పాలకొండ రోడ్డు: మాస్టారూ, దీని గురించి మనమెందుకు మాట్లాడుకోవడం లేదని మాత్రమే ఆమె అడిగింది. ప్రశ్నను జోక్యమంటే ఎలా? వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో మహమ్మద్ అలీ ప్రపంచ టైటిల్‌నే పోగొట్టుకున్నాడు. ఆయన కూడా నోరు మూసుకోవలసిందేనా?

బొబ్బిలి మాస్టారు: అలీని సైన్యంలో చేరమన్నది ఆయన సొంత ప్రభుత్వం, కనుక అది పరాయి తగాదా కాదు. ఇక రిహానా ప్రశ్నతో ఆగలేదు, ఒక వార్తా కథనాన్ని కూడా జతచేసింది.

చీపురుపల్లి కోడలు: ప్రశ్నార్థకం పక్కన ఆశ్చర్యార్థకం కూడా ఉంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

మత్స్యలేశం తీరం: మీరు ట్వీట్లకు తూకం వేస్తున్నారు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి కరాచీ జైలులో ఉండగానే, 2019 ఫిబ్రవరిలో పుల్వామా ఉగ్రదాడి, ఆ వెంటనే బాలాకోట్‌పై మన వైమానిక దాడి జరిగాయి. అప్పుడు యునిసెఫ్ సౌహార్ద రాయబారిగా ఉన్న ప్రియాంకా చోప్రా మన సైన్యానికి జైకొట్టారు. రాయబారులకు వ్యక్తిగతంగా మాట్లాడే హక్కుందని ఐక్యరాజ్య సమితి ప్రతినిధి తరువాత సమర్థించారు. హక్కు ఉండవచ్చు. కానీ టీవీలో ఎవరో ఒక తార గర్జించిన ప్రతిసారీ, ఆ కోపం జైలులో ఉన్నవాళ్లపై ఎక్కడ చూపుతారోనని మా వీధి ఆడవాళ్లకు ముద్ద దిగేది కాదు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చేదాకా మేము అలాగే బతికాము.

పాలకొండ రోడ్డు: మీ బాధ కాదనను. అయితే ఏ తార మాట వల్లనైనా విడుదల ఒక్క రోజు ఆలస్యమైందనడానికి ఆధారముందా?

మత్స్యలేశం తీరం: జైలులో తనవాడంటూ ఎవరూ లేనివారికే ఆధారాలు కావాలి! యుద్ధం రమ్మని పిలిచిన ఆ గొంతులు మావాళ్లను విడిపించమని ఎందుకు అడగలేదు? 2010 జూలైలో సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దన్నవారిపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయినప్పుడు, ఉద్దానంలో మూత్రపిండాలు పాడై ఇంటికొకరు మంచాన పడుతున్నప్పుడు వీరంతా ఎక్కడున్నారు?

నాగావళి గట్టు: పవన్ కల్యాణ్ 2017 జనవరిలో ఇచ్ఛాపురం వచ్చి ఉద్దానం బాధితులతో మాట్లాడారు.

బొబ్బిలి మాస్టారు: ఆయన 2014లోనే పార్టీ పెట్టారు. అది నాయకుడి రాక, తార రాక కాదు.

నాగావళి గట్టు: ఆ రోజు వచ్చిన జనం ఆ తేడా చూశారా మాస్టారూ?

పాలకొండ రోడ్డు: అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మాస్టారు తారలను మాట్లాడవద్దంటున్నారు. తీరం గారికి మాత్రం వారు మాట్లాడినందుకు కాదు, మన గురించి మాట్లాడనందుకు కోపం.

మత్స్యలేశం తీరం: అవును, అదే నా కోపం. మా టిక్కెట్టు డబ్బుతో పెరిగిన గొంతు ముందు మాకు పలకాలి, ఆ తరువాత గాజా గురించైనా ఉక్రెయిన్ గురించైనా మాట్లాడుకోనివ్వండి.

బొబ్బిలి మాస్టారు: టిక్కెట్టు కొన్నంత మాత్రాన నటుడి నోటిపై మనకు హక్కు రాదు. ఇంతసేపూ మీరు నా వైపే ఉన్నారనుకున్నాను.

చీపురుపల్లి కోడలు: మరి మన రైతుల గురించి అడిగిన రిహానాకు ఆ రైతులేమైనా టిక్కెట్టు కొన్నారా, తీరం గారూ?