సెకండ్‌హ్యాండ్ కింగ్ హాలర్‌ని మన మామిడి లారీగా మార్చాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొర్లగుంట_కుర్రోడు:

అన్నలందరికీ నమస్తే. మాది తిరుపతి. బెంగళూరులో ఒకాయన ఇల్లు మారుతూ సామాను అమ్మేస్తుంటే అందులో టామియా కంపెనీ కింగ్ హాలర్, అంటే రిమోట్‌తో నడిచే అమెరికా లారీ మోడల్, కనిపించింది, ఇంకేం ఆలోచించకుండా తెచ్చేసుకున్నా. 1/14 స్కేలు (అసలు లారీలో పద్నాలుగో వంతు), 540 మోటారు, మూడు గేర్లు, వెనక రెండు ఇరుసులూ తిరిగే పది టైర్ల బండి. ఎంతకు కొన్నానో మాత్రం అడగొద్దు, మా ఆవిడ కూడా ఇవన్నీ చదువుతుంది.

బండి పరిస్థితి ఇదీ. అల్యూమినియం ఫ్రేములో వంకర లేదు, కమాన్ కట్టలు బాగానే ఉన్నాయి. రిమోట్ లేదు. లోపల పాత 27 మెగాహెర్ట్జ్ రిసీవర్ ఒకటి ఉంది గానీ దాని ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ ఎక్కడో పోయింది. బ్యాటరీ వైర్లు పచ్చగా తుప్పు పట్టాయి. గేర్‌బాక్స్ చేత్తో తిప్పితే గరగరమంటుంది, రెండో గేరులో అయితే పళ్ళు జారుతున్నట్టు టకటక. క్యాబిన్ మీద ఎవరో ఇంటి గేటుకు వేసే ఎనామిల్ పెయింటు బ్రష్షుతో పూసేశారు, ఎంత మందంగా అంటే తలుపు గీతలు కూడా కనపడట్లేదు. క్రోమ్ బంపరు, గ్రిల్లు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి.

నాకు అమెరికా లారీ అక్కర్లేదు. జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి లోడుతో క్యూలో నిలబడి ఉంటాయి చూడండి, అలాంటిది కావాలి. చెక్క బాడీ, నుదుటి మీద కాణిపాకం వినాయకుడు, అద్దాలకు నల్ల కుచ్చులు, ఏపీ 03 నంబరు ప్లేటు, హారన్ కూడా మన లారీ హారనే. ముందు ఆ పెయింటు వదిలించుకుందామని థిన్నర్ తెచ్చి పెట్టుకున్నా. మొదలుపెట్టొచ్చా? రిమోట్ ఏది కొనాలి? లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వేస్తే స్పీడు పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

చిత్తూరు_పాతసామాను:

థిన్నర్ డబ్బా మూత తీయకు తమ్ముడూ. ఆ క్యాబిన్ ఏబీఎస్ ప్లాస్టిక్, ఎన్‌సీ థిన్నర్ తగిలితే పెయింటుతో పాటు తలుపులు కూడా మెత్తబడి కారిపోతాయి. అయినా బండి కదలకుండా రంగులతో ఇప్పుడేం పని? ముందు నడిపించు.

మోటారు ఊడదీసి 7.2 వోల్టుల బ్యాటరీకి ఒక్క క్షణం తగిలించి చూడు. సాఫీగా తిరిగితే దాన్ని కదిలించొద్దు, 540 అంత తొందరగా పోయే రకం కాదు, పోయినా ఖరీదేం కాదు. తర్వాత గేర్‌బాక్స్. విప్పుతూ ప్రతి మెట్టుకూ ఫోన్లో ఫోటో తీసుకో. స్క్రూల తలలు జపాన్ వాళ్ళ జేఐఎస్ రకం, మన మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల గుండ్రమైపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు పట్టుకుని ఏడవాలి. లోపల పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, నీ గరగరలో సగం అదే అనుకుంటా. మొబైల్ రిపేరు వాళ్ళు వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందులో పాత టూత్‌బ్రష్ ముంచి కడిగి, ప్లాస్టిక్ పళ్ళకు పనికొచ్చే సిరామిక్ గ్రీజు పలచగా రాయి. కూరొద్దు. ప్లాస్టిక్ బుష్‌లు కనిపించిన చోటల్లా సైజు కొలిచి బాల్ బేరింగులు వేసెయ్, టామియాలో ఎక్కువగా కనిపించేది 1150 సైజు, బయట 11 మి.మీ., లోపల 5.

రెండో గేరు పళ్ళు పోయాయని అప్పుడే టెన్షన్ పడకు. గేరు మార్చే సర్వో (రిమోట్ చెప్పినంత తిరిగే చిన్న మోటారు) లేకుండా చేత్తో నెడితే గేరును జరిపే ఫోర్కు సగంలో ఆగుతుంది, సగం పట్టుకున్న పళ్ళు టకటకమనక ఏం చేస్తాయి. సర్వో చేయి మూడు చోట్ల కచ్చితంగా ఆగేలా రిమోట్‌లో ఎండ్ పాయింట్లు, అంటే అది ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దులు, సరిచేశాక కూడా చప్పుడు ఉంటే అప్పుడు స్పేర్ల సంగతి చూద్దాం. ఈ మోడల్ 1993లో వచ్చింది, ఇన్నేళ్ళయినా స్పేర్లకు కొదవ లేదు.

27 మెగాహెర్ట్జ్‌ది తీసి పక్కన పెట్టు. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటి ఆరు ఛానళ్ళ 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ చాలు. ఒకటి గుర్తుంచుకో, అది విమానాల కోసం చేసిన రిమోట్, మోడ్ 2 (విమానం థ్రాటిల్ ఎడమ చేతి వైపు ఉండే రకం) అయితే ఎడమ చేతి స్టిక్‌కి పైకీ కిందకీ స్ప్రింగు ఉండదు, వదిలేసిన చోటే ఆగిపోతుంది. మోటారు కంట్రోలు దానికి పెడితే చెయ్యి తీసినా లారీ పోతూనే ఉంటుంది. కాబట్టి మోటారును నడిపే స్పీడ్ కంట్రోలర్ వైరు రిసీవర్‌లో రెండో ఛానల్‌కి పెట్టు, కుడి స్టిక్ మధ్యకు తనంతట తనే వస్తుంది. గేర్లకు మూడు స్థానాల స్విచ్ ఒకటి ఉంది, ఎస్‌డబ్ల్యూసీ, దాన్ని గేరు సర్వో ఛానల్‌కి కలుపుకో. ఫెయిల్‌సేఫ్ పెట్టడం మాత్రం మరచిపోవద్దు, సిగ్నల్ పోతే బండి ఆగిపోవాలి.

స్పీడ్ కంట్రోలర్ హాబీవింగ్ 1060 సరిపోతుంది, బ్రష్ మోటారుకు చేసినదే. పచ్చబడిన వైర్లను గీకి వాడకు, ఆ తుప్పు ప్లాస్టిక్ తొడుగు లోపల కూడా పాకి ఉంటుంది, మొత్తం మార్చెయ్, ప్లగ్గు కూడా ఎక్స్‌టీ60 వెయ్. లైపో అంటావా, లారీకి స్పీడెందుకు? 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ చాలు, దాని బరువు కూడా మంచిదే. లైపోనే కావాలంటే 1060 మీద బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న జంపర్ పిన్ను లైపో వైపు ఉందో లేదో చూసుకో. లేకపోతే సెల్లు 3 వోల్టుల కిందకు దిగిపోయినా అది ఆపదు, ఉబ్బిన ప్యాకే మిగులుతుంది. ఎండాకాలం కారులో వదిలేసి కొండకు పోయే అలవాటుంటే ఇంకా వద్దు.

రంగుల_పిచ్చి:

పైన అన్న చెప్పినదంతా కరెక్టే, ఒక్క మాట తప్ప. పెయింటు పని పక్కన ఒక డబ్బాలో దానంతటదే జరిగిపోతుంది, గేర్‌బాక్స్ అయ్యేదాకా ఆగక్కర్లేదు.

నీళ్ళు కలపని డెట్టాల్ తీసుకోండి, ఇంట్లో గాయాలకు వాడే గోధుమ రంగుదే. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో క్యాబిన్ మునిగేలా పోసి ఒక రోజంతా వదిలేయండి. మందంగా ఉందంటున్నారు కాబట్టి రెండోసారి కూడా పట్టొచ్చు. గ్లవుజులు వేసుకుని బ్రష్షుతో తోమితే పెయింటు బురదలా వస్తుంది. ఇక్కడే అందరూ తొందరపడేది: వెంటనే కుళాయి కింద పెట్టకండి. నీళ్ళు తగిలితే ఆ బురద జిగురులా మారి గీతల్లో ఇరుక్కుంటుంది. మొదట కొత్త డెట్టాల్‌తోనే కడిగి, పెయింటు పూర్తిగా పోయాక సబ్బు నీళ్ళు. వాసనకు మీ ఆవిడ ఏమంటుందో నేను బాధ్యుణ్ణి కాదు. క్రోమ్ ముక్కలన్నీ ముందే ఊడదీసి దూరంగా పెట్టండి, ఆ మెరుపు పలచని పూత, ఇలాంటి వాటిలో మునిగితే పోతుంది. ఎక్కడైనా చిన్న గీత పడితే మోలోటో క్రోమ్ పెన్ను ఉంది.

ఇక అసలు గొడవ. ఆ క్యాబిన్ కోసి మామిడి లారీ చేస్తానంటే నేను ఒప్పుకోను. స్పేర్లు దొరుకుతాయి నిజమే, అలాగని బాగున్న క్యాబిన్‌కి రంపం పెట్టడమా? అంత పొడుగు ముక్కు, వెనక నిద్రపోయే గది, నిలువు పొగ గొట్టాలు, వీటికి నల్ల కుచ్చులు కట్టినా అది చిత్తూరు లారీ అవ్వదు. దాన్ని శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, ఒక మంచి రంగు వేసి అలాగే ఉంచండి. మీకు మన లారీనే కావాలంటే వేరే క్యాబిన్ చేసుకోండి, నాలుగు స్క్రూలతో మార్చుకునేలా.

స్ప్రే గురించి ఒక్క ముక్క. కార్లకు టచప్ కొట్టే డబ్బాలు వాడొచ్చు, కానీ ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వద్దు, ఒక్కసారే తడిసిపోయేలా కూడా వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో అయితే అసలే కొట్టకండి, గాలిలో తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది.

ఆటోనగర్_బాడీ:

ఏం సామీ, మామిడి లారీ అంటే నన్ను పిలవకుండానే మొదలుపెట్టేశారే.

మా నాయన లారీ బాడీలు కట్టే పనిలోనే ఉన్నాడు, నాకు తెలిసింది చెప్తా. 1/14లో ఒక అడుగు దగ్గర దగ్గర 22 మిల్లీమీటర్లు. పది టైర్ల లారీకి 22 అడుగుల బాడీ అనుకో, మోడల్‌లో 48 సెంటీమీటర్లు కావాలి. వెడల్పు 8 అడుగులంటే పదిహేడున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు ఆ కింగ్ హాలర్ ఫ్రేము మీద ముక్కు, క్యాబిన్, పడక గది పోను వెనక మిగిలేది ఎంతో టేపు పెట్టి చూడు. అందులో పట్టేది మామిడి లోడు కాదబ్బయ్యా, రెండు బుట్టలు. అందుకే రంగుల అన్న చెప్పిందే నా మాట కూడా. ముక్కు లేని చదును మొహం క్యాబిన్ చెక్కతో చేసుకో, 6 అడుగులు చాలు, అంటే 13 సెంటీమీటర్లు. అప్పుడు బాడీకి బో జాగా వస్తుంది. అయినా కొంచెం తగ్గితే ఫ్రేము పొడిగించాలి, అల్యూమినియం సి-ఛానల్ కొత్తది కొని రంధ్రాలు పాతదాన్ని చూసి వెయ్యి, పాతదాన్ని కోయొద్దు.

ఫ్రేము పెంచి ఇరుసులు వెనక్కి జరిపితే గేర్‌బాక్స్ నుంచి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా పొడవుది కావాలి, చాలామంది ఇది బిగించేటప్పుడు చూసి తల పట్టుకుంటారు. షాఫ్టు రెండు చివర్ల యోకులు, అంటే కీలు పట్టే చీలిక కొనలు, ఒకే వరసలో ఉండాలి, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా పెట్టావంటే బండి వణుకుతుంది. పెద్ద లారీలో కూడా ఇంతే, షాఫ్టు విప్పేముందు గుర్తు పెట్టుకోని మెకానిక్ దగ్గరకు బండి రెండోసారి వస్తుంది.

బాడీకి అడుగున 3 మి.మీ. ప్లైవుడ్, పక్కలకు ఐస్‌క్రీం పుల్లలు. నవ్వొద్దు, 10 మి.మీ. వెడల్పున్న పుల్ల ఈ స్కేల్లో అయిదున్నర అంగుళాల పలక, అచ్చం సరిపోతుంది. నిలువు పట్టీలకు అల్యూమినియం యాంగిల్, మేకులకు గుండుసూది తలలు. తోతాపురి కాయ జానెడు కంటే కొంచెం తక్కువ ఉంటుంది గదా, అంటే మోడల్‌లో సెంటీమీటరు పైన. ముక్కు దగ్గర ఆ వంపు రాకపోతే అది తోతాపురి కాదు, బంగినపల్లి అయిపోతుంది. లోడంతా మట్టితో చేయకు, థర్మాకోల్ గుట్ట పెట్టి దాని మీద ఒక్క వరస కాయలు అంటించు. పైన బరువు పెరిగితే మొదటి మలుపులోనే పక్కకు పడుకుంటుంది. బ్యాటరీ ఎంత కిందకు పెడితే అంత మంచిది, ఫ్రేము రెండు పట్టాల మధ్యలోనే.

ప్లేటు పసుపు మీద నల్ల అక్షరాలు, రవాణా బండి కాబట్టి. ఏపీ 03 పెడితే పాత బండి అనుకోవాలి, ఇప్పుడొచ్చే వాటికి జిల్లా కోడ్ లేదు, ఏపీ 39 మొదలైనాక రాష్ట్రమంతా ఒకటే. దానికి తగ్గట్టు రంగు కూడా కొంచెం వెలిసినట్టు ఉండాలి. ముందు బంపరు కింద పాత చెప్పు మరచిపోవద్దు, దిష్టికి.

కొర్లగుంట_కుర్రోడు:

అందరికీ థాంక్స్ అన్నలూ. థిన్నర్ పక్కింటాయనకు ఇచ్చేశా. మోటారు బాగుంది. గేర్‌బాక్స్ విప్పితే గ్రీజు నిజంగానే గట్టిగా గడ్డకట్టి ఉంది, కడిగి మళ్ళీ బిగించాక గరగర చాలావరకు పోయింది. రిమోట్, 1060 ఆర్డర్ పెట్టా. సర్వో తగిలించాక రెండో గేరు సంగతి చెప్తా. క్యాబిన్ కోయను, రంగుల అన్న గెలిచాడు, చెక్క క్యాబినే చేస్తా. డెట్టాల్ వాసనకు ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలిందని మా అమ్మ రెండుసార్లు అడిగింది.

హారన్ సంగతి ఎవరూ చెప్పలేదు. టామియా వాళ్ళ ఎంఎఫ్‌సీ యూనిట్ చూశా, లైట్లు, ఇంజన్ సౌండు అన్నీ ఉన్నాయి, కానీ ఆ ధరకు ఇంకో లారీ వచ్చేలా ఉంది.

చిత్తూరు_పాతసామాను:

ఎంఎఫ్‌సీ మంచిదే, అందులో లైట్లు, సౌండుతో పాటు ఇంజన్ వణుకు కూడా ఉంటుంది. కానీ అందులో వచ్చే హారన్ మనది కాదు గదా. డీఎఫ్‌ప్లేయర్ మినీ అని కార్డులోని సౌండు వాయించే వేలెడంత బోర్డు, దాన్ని నడిపే కోడ్ వేసుకునే ఒక ఆర్డ్యునో నానో బోర్డు, చిన్న స్పీకరు, మెమరీ కార్డు, అంతే. బైపాస్ మీద నిలబడి ఫోన్లో నీకు నచ్చిన లారీ హారన్ రికార్డు చేసి కార్డులో వేసుకో, రిమోట్‌లో ఖాళీగా ఉన్న స్విచ్‌కి పెట్టుకో. ఇంజన్ ఐడిల్ సౌండు కూడా అలాగే, కాకపోతే ఇంజన్ చప్పుడు స్టిక్‌తో పాటు పెరగాలంటే కోడ్ కొంచెం కష్టపడాలి. హారన్ వరకైతే సులువు. ఇవన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒకే గల్లీలో దొరుకుతాయి.

లైట్లకు 3 మి.మీ. ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 220 ఓముల రెసిస్టరు. స్పీడ్ కంట్రోలర్ నుంచి వచ్చేది 5 వోల్టులైనా 6 అయినా, తెలుపుకీ ఎరుపుకీ అదే సరిపోతుంది. స్పీకరును బాడీ అడుగున కిందకు చూసేలా పెట్టి చుట్టూ మూసెయ్, గాలిలో వేలాడదీస్తే దోమ పాడినట్టు ఉంటుంది.

రంగుల_పిచ్చి:

చెక్క క్యాబిన్‌కి రంగు వేసేముందు శాండింగ్ సీలర్ రెండు పూతలు కొట్టండి, లేకపోతే ప్లైవుడ్ రంగంతా పీల్చేస్తుంది. వినాయకుడి బొమ్మ స్టిక్కరు వద్దు, నంబర్ ప్లేట్లు రాసే ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, సన్న బ్రష్షుతో వేయించండి. స్టిక్కరు అంచు ఈ స్కేల్లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఆటోనగర్_బాడీ:

కుర్రోడా, ఫ్రేము పక్కన స్టీలు స్కేలు పెట్టి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ముందు ఇరుసు నుంచి వెనక రెండు ఇరుసుల మధ్య దాకా ఎంతుందో కూడా రాయి. బాడీ ఎంత పొడవు పడుతుందో, ఫ్రేము పెంచాలో అక్కర్లేదో లెక్కేసి చెప్తా, అప్పటిదాకా ప్లైవుడ్ కోయొద్దు.