వితండవాదం అంటే మొండివాదమేనా?

లిఫ్ట్ బాధితుడు:
అందరికీ నమస్కారం. మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో పాత లిఫ్ట్ తీసేసి కొత్తది పెట్టిద్దామన్నారు. "కొటేషన్లు ఎన్ని తెప్పించారు? పాతదే బాగు చేయిస్తే ఎంతవుతుందో కనుక్కున్నారా?" అని అడిగాను. అంతే, "మీతో వితండవాదం చేసే ఓపిక మాకు లేదండీ" అంటూ సెక్రటరీ గారు ఫైలు మూసేశారు. నేనడిగింది లెక్క. అది వితండవాదం ఎట్లా అవుతుంది? అసలు వితండ అంటే ఏమిటి? మొండిగా వాదించడమేనా? తెలిసినవారు చెప్పగలరు.

తర్కం మాస్టారు:
లెక్క అడగడం వితండ కాదు. ఆ మాటకొస్తే మొండితనం కూడా వితండ కాదు. ఈ మాట పుట్టిల్లు న్యాయశాస్త్రం, అంటే కోర్టు చట్టాలు కాదు, గౌతముడి న్యాయసూత్రాల మీద నిలిచిన మన పాత తర్కశాస్త్రం. ఇద్దరు కూర్చుని ఒక విషయం మీద వాదించుకోవడాన్ని ఆ శాస్త్రంలో 'కథ' అన్నారు. (మనవాళ్లు "కథలు చెప్పకు" అని కసురుకునే కథ వేరు లెండి.) ఆ కథ మూడు రకాలు: వాదం, జల్పం, వితండ. అంటే శాస్త్రం లెక్కన వాదం ఒకటి, వితండ ఒకటి. రెండూ కలిపి మనం 'వితండవాదం' చేసుకున్నాం. వాడుకలో స్థిరపడిపోయింది, ఇప్పుడు తప్పు పట్టి లాభం లేదు.

నిజం తేల్చుకోవాలని ఇద్దరూ ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడుకుంటే అది వాదం. గురుశిష్యుల మధ్య నడిచేది అదే. గెలుపు కోసం దిగితే జల్పం. అందులో ఛలం, అంటే ఎదుటివాడి మాటకు వేరే అర్థం లాగి తప్పు పట్టడం కూడా చెల్లుతుంది. ఛలానికి న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ సరదాగా ఉంటుంది. "ఈ కుర్రాడిది నవకంబళం" అని ఒకడంటాడు. వాడి ఉద్దేశం కొత్త కంబళి అని. రెండోవాడు వెంటనే "తొమ్మిదెక్కడున్నాయయ్యా, కనిపించేది ఒక్కటేగా!" అంటాడు. టీవీ చర్చలు చూసేవారికి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఇక మీరడిగింది. న్యాయసూత్రం చిన్నది: "స ప్రతిపక్షస్థాపనాహీనో వితండా" (1.2.3). ఆ జల్పంలోనే, తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. మొండివాడికి బలమైన పక్షం ఉంటుంది, దాన్ని చచ్చినా వదలడు. వైతండికుడికి వదలడానికైనా పక్షమంటూ ఉండదు. ఇద్దరూ రెండు కొసలు.

వరంగల్ కోడలు:
మాస్టారూ, మీరు సంస్కృతంలో చెప్పినదానికి మన సామెతలు ఎప్పుడో వేరువేరు పెట్టెలు కట్టాయి కదా! "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అనేది మొండివాడి గురించి. "ఎడ్డెమంటే తెడ్డెం" అనేది మీ వైతండికుడి గురించి. మా ఇంట్లో ఈ రెండు సామెతలూ ఒకరికి వాడేది ఇంకొకరికి వాడరు. 'వితండవాదం' వచ్చాకే రెండూ ఒకే గంపలో పడ్డాయనిపిస్తుంది.

తర్కం మాస్టారు:
భలే చెప్పారమ్మా! కుందేలు సామెతలో 'తాను పట్టిన' అన్న మాట చూడండి. కుందేలు వాడిది, పట్టిందీ వాడే, అందుకే కాళ్ల లెక్కలో తగ్గడు. మనుషులు అభిప్రాయాలను కాపాడుకునేది చాలావరకు ఇలాగే. నాలుగో కాలు చూపించినా, అది కాలు కాదు తోక అంటారు గానీ, సరిగ్గా చూడలేదని ఒప్పుకోరు.

కోర్టుపక్షి:
చిన్న అభ్యంతరం. వితండను తిట్టుమాటగా చూడటం నాకు నచ్చదు. క్రిమినల్ కేసులో నేరం రుజువు చేసే బరువు మామూలుగా ప్రాసిక్యూషన్‌దే. ముద్దాయి తరఫు వకీలు "అసలు దొంగ ఎవరో నేను చెప్తాను" అని తన కథ పెట్టనక్కర్లేదు. సాక్షిని క్రాస్‌లో నిలబెట్టి "ఆ రాత్రి వీధి దీపం వెలుగుతోందా? నువ్వెంత దూరంలో ఉన్నావు? ముఖం కనపడిందా, చొక్కా కనపడిందా?" అని అడిగి, వాళ్ల కేసు నిలవలేదని చూపిస్తే చాలు. మాస్టారు చెప్పిన నిర్వచనం ప్రకారం ఇది వితండే. దీన్ని తప్పంటే సగం మంది అమాయకులు జైల్లో ఉంటారు.

తర్కం మాస్టారు:
మీతో ఏకీభవిస్తాను. సూత్రకారుడిదీ ఆ మాటే. నాలుగో అధ్యాయంలో (4.2.50) జల్పవితండలు ఎందుకో చెప్తాడు: మొలకెత్తే విత్తనాన్ని కాపాడటానికి చుట్టూ ముళ్లకంప వేసినట్టు, తేల్చుకున్న తత్త్వాన్ని కాపాడుకోవడానికి ఇవి. కంప ఉండాల్సిందే. కాకపోతే లోపల మొలక ఉందా, వట్టి కంపేనా అన్నది వేరే సంగతి.

పెద్ద పెద్దవాళ్లకే ఈ పేరు పడింది. నాగార్జునకొండకు పేరిచ్చిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో "నాస్తి చ మమ ప్రతిజ్ఞా" అన్నాడు. నాకు ప్రతిజ్ఞే (నిరూపించాల్సిన పక్షమే) లేదు, కాబట్టి మీరు చూపే దోషం నాకు అంటదు అని. నైయాయికులకు (న్యాయశాస్త్ర పండితులకు) ఒళ్లు మండిందంటే మండదూ! 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు 'ఖండనఖండఖాద్యం' రాసి, ప్రమాణానికీ (జ్ఞానం కలిగించే సాధనానికీ) జ్ఞానానికీ వాళ్లు కట్టుకున్న నిర్వచనాలను వరసగా కూలగొట్టాడు. వాటి బదులు తన నిర్వచనాలు పెట్టలేదు. ఆ శ్రీహర్షుడి నైషధాన్నే మన శ్రీనాథుడు తెనిగించాడు. శ్రీనాథుడు మాత్రం స్వభావానికి పక్కా జల్పం మనిషి. "పగులగొట్టించితుద్భట వివాదప్రౌఢి గౌడడిండిమభట్టు కంచుఢక్క" అని, వాదంలో ఓడించి గౌడడిండిమభట్టు అనే పండితుడి కంచుఢక్క పగలగొట్టించానని చెప్పుకున్నాడుగా. ఓడినవాడి ఢక్క పగిలితే గానీ చర్చ ముగియని కాలం అది.

పాత పుస్తకాల పిచ్చి:
మరి గిడుగు రామమూర్తి గారి సంగతేమిటి? 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' నిండా గ్రాంథికవాదుల రాతల్లో దొర్లిన తప్పులే. జయంతి రామయ్య పంతులు గారి వైపువాళ్లకు అది వితండలాగే తోచి ఉండాలి.

తర్కం మాస్టారు:
తోచినా కాదండి. ఆయన పక్షం ఎదురుగానే ఉంది: చదువుకున్నవాళ్లు మాట్లాడే శిష్టవ్యావహారికంలో రాయాలి, పిల్లలకు అందులోనే చెప్పాలి. ఆ భాషలోనే 1919లో 'తెలుగు' పత్రిక నడిపి చూపించారు. తప్పులు ఏరడం దేనికంటే, మీకే పట్టుబడని భాషను బడిపిల్లల నెత్తిన ఎట్లా రుద్దుతారని అడగడానికి. అవతలివాళ్ల ప్రమాణంతోనే అవతలివాళ్లను కొలిచారు. నన్నడిగితే వాదంలో ఇంతకంటే గట్టి పద్ధతి లేదు, ఎదుటివాళ్లను ఇంతకంటే మంట పెట్టేదీ లేదు.

లిఫ్ట్ బాధితుడు:
అయితే నన్ను ఏమనాలి?

కోర్టుపక్షి:
మీది ప్రశ్న మాత్రమే, ఇంకా కథలోకే దిగలేదు. మీరు "కొత్త లిఫ్ట్ వద్దు, బాగు చేయడమూ వద్దు, మెట్లెక్కడం అంతకన్నా వద్దు" అని ఉంటే సెక్రటరీ గారి మాట నిజమయ్యేది. మళ్లీ మీటింగుకు వెళ్లినప్పుడు "బాగు చేయిస్తే చాలన్నది నా పక్షం, ఇదిగో మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేటు" అని కాగితం పెట్టండి. అప్పుడు వితండ అనే వీలుండదు. మొండి అంటారేమో, అది వేరు.

ఇంకో మాట, వరంగల్ నుంచి రాసిన అమ్మగారికి. 'తెడ్డెం' అనడం కూడా ఒక పక్షం పెట్టడమే కదా? అవునంటే కాదనేవాడికి 'కాదు' అనే పక్షం ఉన్నట్టేగా? మీ సామెత వితండకు సరిగ్గా అతుకుతుందా అని నా సందేహం.

వరంగల్ కోడలు:
మీకు మా మామయ్య తెలియక అడుగుతున్నారు. ఇది నిన్న మధ్యాహ్నం సంగతి.
"మామయ్యా, చాయ్ పెట్టాల్నా?"
"గింత ఎండల చాయా?"
"మరి సల్ల తెద్దునా?"
"సర్ది చేసింది."
"మరేం గావాలె?"
"నాకేమన్న గావాలని నేను చెప్పిన్నా?"