ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలోంచి నడిచి వెళ్ళాలంటే అమ్మకి కష్టమవుతుందా?

నమస్తే అండి, జనవరిలో అండమాన్ వెళ్తున్నాం, హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ కదా) రెండు రాత్రులు ఉంటాం. ఎలిఫెంట్ బీచ్‌కి ఎక్కువమంది బోట్‌లోనే వెళ్తారంట, కానీ రాధానగర్ వెళ్ళే రోడ్డు మీద దిగి అడవిలోంచి నడిచి కూడా వెళ్ళొచ్చని విన్నా, నాకైతే అలాగే వెళ్ళాలని ఉంది. అమ్మకి 62, రోజూ పొద్దున్నే గంట నడుస్తుంది గానీ మోకాళ్ళ నొప్పులున్నాయి. బాబుకి 8. వెళ్ళినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1
మేం ఫిబ్రవరిలో నడిచే వెళ్ళామండి. దూరం రెండు కిలోమీటర్లకి అటూఇటూ, మెల్లగా నడిస్తే ముప్పావుగంట. పెద్ద ఎక్కుడేం లేదు, బాబు పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు. పైన చెట్లు కమ్ముకుని ఉంటాయి కాబట్టి ఎండ తగలదు, కీచురాళ్ళ గోల తప్ప ఇంకేం వినపడదు, అలా నడుస్తూ ఉండగా చెట్ల సందులోంచి ఒక్కసారిగా ఆ నీలం రంగు కనిపిస్తుంది చూడండి, దానికోసమైనా నడవాలి. ఆ దారి ఒక్కోసారి మూసేస్తారు, ముందురోజే హోటల్ వాళ్ళని అడగండి.

రిప్లై 2 (వైజాగ్ నుంచి)
దూరం సంగతి సరే, అసలు విషయం బురద. మేం డిసెంబర్‌లో వెళ్ళాం, ముందురోజు రాత్రంతా వాన, అక్కడ ఆ నెలలో కూడా పడుతుంది. ఎర్రటి జిగురు బురద, దాని మధ్యలో చెట్ల వేళ్ళు, మా అత్తయ్యగారి చెప్పు ఇరుక్కుని పట్టీ ఊడిపోయింది, మిగతా దారంతా నా చెయ్యి పట్టుకుని వట్టికాళ్ళతో నడిచారు పాపం. కాబట్టి వెనక పట్టీ ఉన్న శాండల్స్ తప్పనిసరి. చివర్లో మడ చెట్లు వస్తాయి, మన కోరింగలో అయితే చెక్క వంతెన మీద నడుస్తాం, ఇక్కడ అదేం లేదు, పోటు మీద ఉంటే నీళ్ళలోంచే నడవాలి. పోటు పాటు టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. ఇంకోటి, అక్కడ సాయంత్రం 5 దాటగానే చీకటి పడిపోతుంది, మన దగ్గరలాగా 6 వరకు వెలుతురు ఉంటుందనుకోవద్దు. పొద్దున్న 8కే బయల్దేరితే మంచిది.

రిప్లై 3
ఒడ్డున 2004 సునామీకి కూలిన పెద్ద పెద్ద మానులు తెల్లగా ఎండిపోయి ఇంకా పడి ఉంటాయి, వాటి మీద అమ్మగారు కూర్చోవచ్చు. స్నార్కెలింగ్‌కి (గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ళ మీద తేలి కిందకి చూడటం) వెళ్తే పగడాల మీద మాత్రం కాలు పెట్టొద్దండి, అవి ప్రాణమున్నవి, తొక్కితే విరిగిపోతాయి, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. బాబుకి ముందే చెప్పండి. ఒడ్డున దొరికిన పగడం ముక్కలు కూడా తెచ్చుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో ఆపుతారు.

అడిగినవారు
అందరికీ చాలా థాంక్సండి. వాన లేకపోతే అందరం నడుస్తాం, ముందురోజు వాన పడితే అమ్మ, మా ఆవిడ బోట్‌లో వస్తారు, నేనూ బాబూ నడిచెళ్ళి ఒడ్డున కలుస్తాం. అమ్మకి చదివి వినిపించా, శాండల్స్ కొనమంటోంది, నడవడానికే రెడీ అయిపోయింది.