డేటాబేస్ ధరలు జావాస్క్రిప్ట్ చార్టుకు సరిగ్గా చేరడం లేదు (పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్)

మండీకోడ్, చిత్తూరు:
అన్నా, బంగారుపాళ్యం, దామలచెరువు మండీల తోతాపురి మామిడి ధరలకు ఒక పేజీ చేస్తున్నా. టేబుల్‌లో తేదీ, మండీ, టన్ను ధర, రిమార్కు ఉండాయి. స్క్రిప్ట్ ట్యాగ్ లోపలే పీహెచ్‌పీ లూప్ పెట్టి, ఒక్కో రోను (టేబుల్ వరుసను) కొటేషన్ల మధ్య ఎకో చేసి (పేజీలోకి రాసి) అర్రే (జాబితా) తయారు చేస్తున్నా. కొన్ని తేదీలకు చార్టే రాదు, కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్. మండీ పేర్లు ???? అని పడతాయి. ధరల్ని సార్ట్ చేసి చివరిది తీసుకుంటే 12000 ఉన్నా 9500 వస్తోంది. ఎక్కడ తప్పు?

అలిపిరి_డెవ్:
ముందు ఆ లూప్ తీసేయ్. రిమార్కులో ఎవరో ఎంటర్ కొట్టుంటారు, లేదా సింగిల్ కోట్ పెట్టుంటారు. ఆ ఒక్క రోతో స్క్రిప్ట్ మొత్తం పడిపోతుంది. వ్యూ సోర్స్ తెరిచి ఎర్రర్ చూపించిన లైను చూడు, తెలిసిపోతుంది.

రోలన్నీ ఒక పీహెచ్‌పీ అర్రేలోకి తెచ్చుకుని ఒకేసారి జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఎన్‌కోడ్ చెయ్. టైపు అప్లికేషన్/జేసన్ అని పెట్టిన వేరే స్క్రిప్ట్ ట్యాగ్‌లో దాన్ని ఎకో చేసి, జావాస్క్రిప్ట్‌లో ఆ ట్యాగ్ టెక్స్ట్ కంటెంట్‌ను జేసన్ పార్స్‌కు ఇవ్వు. ఆ ఎన్‌కోడ్‌కు హెక్స్ ట్యాగ్ ఫ్లాగ్ (లెస్‌దాన్, గ్రేటర్‌దాన్ గుర్తుల్ని కోడ్‌గా మార్చేది) తప్పనిసరి, లేకపోతే రిమార్కులో ఎవరైనా ట్యాగులు రాస్తే పేజీ చెడుతుంది. చూడ్డానికి బాగుంటుందని అన్‌ఎస్కేప్డ్ స్లాషెస్ ఫ్లాగ్ (స్లాష్ ముందు బ్యాక్‌స్లాష్ పడకుండా ఆపేది) పెట్టేవాళ్లున్నారు, ఉన్న కాస్త రక్షణా దాంతో పోతుంది. తప్పు వస్తే ఆగి చెప్పే త్రో ఆన్ ఎర్రర్ ఫ్లాగ్ కూడా పెట్టు (పీహెచ్‌పీ 7.3 నుంచి ఉంది). అది లేకుంటే యూటీఎఫ్-8 చెడిన ఒక్క అక్షరానికే ఫంక్షన్ ఫాల్స్ ఇస్తుంది, ఎకోలో ఏమీ పడదు, ఎర్రర్ ఎక్కడిదో తెలీక తల పట్టుకోవాలి.

ఇంకోటి, సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ తెచ్చే క్వెరీ) వద్దు. రైతు ఫోన్ నంబరు ఆ టేబుల్‌లో ఉంటే అదీ వ్యూ సోర్స్‌లో అందరికీ కనబడుతుంది.

కోనేటి_కోడర్:
???? సంగతి వేరు. డేటాబేస్ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 (తెలుగు పట్టని అక్షరాల ఎన్‌కోడింగ్) అయ్యుంటుంది. పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేస్‌కు కలిపేది) కనెక్షన్ స్ట్రింగ్‌లోనే యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వు. అంతకంటే ముందు ఆ కాలమ్ మీద హెక్స్ ఫంక్షన్ (సేవ్ అయిన బైట్ల కోడ్ చూపించేది) వేసి చూడు. ఈ0బీ0, ఈ0బీ1 అని కనిపిస్తే తెలుగు క్షేమంగా ఉన్నట్టే, కనెక్షన్ మారిస్తే చాలు. 3ఎఫ్ 3ఎఫ్ (ప్రశ్న గుర్తు కోడ్) అని వరుసగా ఉంటే సేవ్ అయినప్పుడే పోయింది, ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు. పేర్లు మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

9500 విషయం: జావాస్క్రిప్ట్ సార్ట్‌కు పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అంకెల్ని కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది. 9 ముందు 1 చిన్నది కాబట్టి 12000 ముందుకు పోయి 9500 చివర నిలుస్తుంది. నంబర్‌గా మార్చినంత మాత్రాన సరిపోదు, ఏ మైనస్ బీ అని పోల్చే ఫంక్షన్ ఇవ్వాలి. గరిష్ఠం ఒక్కటే కావాలంటే సార్ట్ ఎందుకు, మ్యాథ్ మ్యాక్స్ వాడు. డెసిమల్ కాలమ్ మాత్రం పీహెచ్‌పీ 8.1లోనూ స్ట్రింగ్‌గానే వస్తుంది. కూడికలు చేసేముందు నంబర్‌గా మార్చుకో, లేకుంటే 9500కు 500 కలిపితే 9500500 అవుతుంది.

మండీకోడ్, చిత్తూరు:
హెక్స్‌లో ఈ0బీ0 ఉండాది, బతికిపోయినా. మండీ, తేదీ ఎంచుకుంటే చార్ట్ మారాలంటే? ప్రతిసారీ పేజీ రీలోడ్ చేయాల్నా?

అలిపిరి_డెవ్:
అక్కర్లేదు. మొదటి చార్టుకు కావాల్సింది పేజీలోనే ఉంచు, మిగతాది ఫెచ్‌తో (రీలోడ్ లేకుండా సర్వర్ నుంచి డేటా తెచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) తెప్పించు. జేసన్ మాత్రమే ఇచ్చే వేరే పీహెచ్‌పీ ఫైలు రాసి, మండీ పేరును ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో (విలువను క్వెరీలో అతికించకుండా విడిగా ఇచ్చే పద్ధతి) బైండ్ చెయ్. చార్ట్ గీసే కోడ్ ఫెచ్ కింద కాదు, దెన్ (జవాబు వచ్చాక నడిచే భాగం) లోపల ఉండాలి. 500 ఎర్రర్ వచ్చినా ఫెచ్ క్యాచ్‌లోకి (ఎర్రర్ పట్టే భాగం) పోదు, రెస్పాన్స్ ఓకేనా అని నువ్వే చూసుకోవాలి. అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ అని లెస్‌దాన్ గుర్తు చూపిస్తే, జేసన్ ముందు పీహెచ్‌పీ వార్నింగ్ ఏదో హెచ్‌టీఎంఎల్‌లో పడిందన్నమాట. నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెస్పాన్స్ చదువు.

కోనేటి_కోడర్:
తేదీ పంపేటప్పుడు టు ఐఎస్‌ఓ స్ట్రింగ్ వాడొద్దు, అది తేదీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మారుస్తుంది. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30. జూన్ 10 ఎంచుకుంటే సర్వర్‌కు జూన్ 9 పోతుంది. డేట్ ఇన్‌పుట్ వాల్యూను ఉన్నదున్నట్టు పంపెయ్.