గ్రైండర్ గార్డు తీసి పని చేయనివ్వాలా, వద్దా?

బొబ్బిలి ఫర్నిచర్ షాపు:
మా షాపులో నలుగురు పనివాళ్ళు. కిందటి నెల నుంచి ఒక నియమం పెట్టాను: గార్డు (డిస్కు చుట్టూ ఉండే ఇనప కవచం) లేని చేతి గ్రైండర్‌కు ప్లగ్ పెట్టకూడదు. దాని మీద గొడవైంది. పాతికేళ్ళుగా ఉన్న మేస్త్రి గారు "గార్డు ఉంటే చెక్క కోసే గీత కనబడదు బాబూ, నా చెయ్యి నాకు తెలుసు" అని రెండు రోజులు పనికి రాలేదు. డైనింగ్ టేబుల్ ఆర్డరు ఆగిపోయింది. నాకు పని నేర్పింది ఆయనే. మీ షాపుల్లో ఏం చేస్తున్నారు? నాదేమైనా తప్పుందా?

రాజాం వెల్డింగ్:
మీ ఉద్దేశం మంచిదే అన్నయ్యా, కానీ అన్ని పనులకూ ఒకే నియమం కుదరదు. గ్రిల్లు మూలలో వెల్డు సాఫు చేయాలంటే గార్డు అడ్డం తగులుతుంది. మాకు కూలి అడుగు లెక్కన. గార్డు విప్పుతూ బిగిస్తూ కూర్చుంటే ఆ రోజు గిట్టదు. పదేళ్ళుగా గార్డు లేకుండానే చేస్తున్నాను, ఒక్క గాటు పడలేదు. కొత్త కుర్రాళ్ళకు గార్డు ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. చెయ్యి తిరిగినవాళ్ళకు వదిలేయండి.

టెక్కలి రాయి పని:
తమ్ముడూ, చెయ్యి తిరగడం గురించి ఒక లెక్క చెబుతాను. నాలుగంగుళాల మిషను ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే డిస్కు అంచు వేగం గంటకు 200 కి.మీ. పైనే. అది పగిలితే ముక్క ఎటు వస్తుందో చూసి తప్పుకునేంత టైము ఎవరికీ ఉండదు. పాతికేళ్ళ అనుభవం ఉన్నా అంతే.

నాకు జరిగింది. గేటు కోసం ఇనప పైపు కోస్తుంటే డిస్కు మూడు ముక్కలైంది. ఒక ముక్క గార్డుకు తగిలి సొట్ట పెట్టింది. గార్డు లేకపోతే ఆ సొట్ట నా మెడకు పడేది. తర్వాత చూస్తే, ఆ డిస్కు వానాకాలమంతా చెమ్మ గోడ పక్కన పడి ఉంది. మధ్యలో ఇనప రింగు మీద గడువు తేదీ వేస్తారు, అదీ దాటిపోయింది. సొట్ట పడిన గార్డును ఇప్పటికీ గోడకు మేకు కొట్టి ఉంచాను, కొత్తగా చేరిన ప్రతి గుంటడికీ చూపిస్తాను.

ఇంకో మాట. గార్డు తీసేవాళ్ళలో చాలామంది ఐదంగుళాల డిస్కు పట్టించడానికే తీస్తారు. నాలుగంగుళాల డిస్కు రంధ్రం 16 మి.మీ., ఐదంగుళాల దానిది 22 మి.మీ. పైన. మధ్యలో వాషరో బుష్షో పెట్టి సరిపెడతారు. అది నడిమధ్య కూర్చోదు, అదురుతూ తిరుగుతుంది.

బొబ్బిలి అన్నా, మీరు గార్డు గురించి అడిగారు గానీ, మీ మేస్త్రి గారు గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు వేసి చెక్క కోస్తున్నారు కదా? నన్నడిగితే అసలు ప్రమాదం అదే. ముడి దగ్గర పళ్ళు పట్టేసుకుంటే మిషను మనిషి మీదికి ఎగురుతుంది. చెక్కకు చేతి సర్క్యులర్ సా వేరే ఉంది.

శ్రీకాకుళం ఎలక్ట్రీషియన్:
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎం.సి.బి. ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. వైర్లు కాలిపోకుండా కాపాడేది. మనిషి గుండె ఆగడానికి 0.1 ఆంపియరు చాలు. మనిషి కోసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. వైరు చిట్లితే టేపు చుట్టి నడిపించొద్దు, మార్చండి. కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆఫ్ చేయండి. మిషను స్విచ్ లాక్ నొక్కి వదిలేస్తే, కరెంటు రాగానే బల్ల మీద మిషను దానంతటదే తిరుగుతుంది.

ఆమదాలవలస నుంచి:
మా ఆయన వెల్డర్. గార్డు లేదు, కళ్ళజోడు జేబులో ఉంది. "ఒక్క కోతే కదా" అనుకున్నారట. కుడి కంట్లో ఇనప ముక్క దిగింది. రెండు ఆపరేషన్లయ్యాయి, చూపు రాలేదు. ఆయనకూ పన్నెండేళ్ళ అనుభవం ఉంది. రాజాం తమ్ముడూ, నీ ఇంట్లో వాళ్ళను కూడా ఒక మాట అడుగు.

రాజాం వెల్డింగ్:
అక్కా, మీ మాట చదివాక సమాధానం రాయడానికి చెయ్యి రాలేదు. కళ్ళజోడు నేను ఎప్పుడూ తీయను. గార్డును విప్పకుండా పక్కకు తిప్పుకోవచ్చని తెలుసు, సగం మూలలకు అది సరిపోతుంది కూడా. మిగతా సగానికి సన్న మొన ఉన్న డై గ్రైండర్ కావాలి, అది నా దగ్గర లేదు. కొనేదాకా మూలల్లో ఆకురాయితో రుద్దుతాను. ఆలస్యమవుతుంది, పార్టీకి ముందే చెబుతాను. కానీ అడుగు లెక్కన కూలి ఇచ్చేవాళ్ళు కూడా ఈ ఆలస్యానికి డబ్బు కట్టాలి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బొబ్బిలి ఫర్నిచర్ షాపు:
నిన్న సాయంత్రం మేస్త్రి గారి ఇంటికి వెళ్ళాను. గీత ఎందుకు కనబడడం లేదో చూద్దామని ఒక చెక్క మీద గీసి చేతికిచ్చాను. గార్డూ లేదు, మిషనూ లేదు. అయినా ఆయన చెక్కను చేతులు బారుగా చాపి పట్టుకుని చూస్తున్నారు. దగ్గరి చూపు తగ్గింది, ఎవరికీ చెప్పలేదు. సోమవారం విజయనగరంలో కంటి డాక్టర్‌కు చూపించి, వస్తూ సర్క్యులర్ సా తెస్తాను. టేబుల్ పార్టీకి ఫోన్ చేసి పది రోజులు గడువు అడిగాను. మందం పనస చెక్క కోయడానికి ఎన్ని అంగుళాల బ్లేడు తీసుకోవాలో వాడేవాళ్ళు చెప్పండి.