బటర్‌ఫ్లై వాల్వ్ బిగించేటప్పుడు డిస్క్ మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా?

సైట్_కొత్త
కూలింగ్ వాటర్ లైనులో 200 ఎంఎం వేఫర్ టైపు బటర్‌ఫ్లై వాల్వులు పన్నెండు వేస్తున్నాం. లోపల గుండ్రటి డిస్క్ తిరిగి నీటిని ఆపేవి, రెండు ఫ్లాంజ్‌ల (పైపు చివర బోల్టులు వేసే చక్రాల్లాంటి అంచులు) మధ్య ఇరికించే రకం. సీటు (మూసినప్పుడు డిస్క్ అంచు ఆనే చోటు) ఈపీడీఎం అనే రబ్బరు, పైన గేర్ ఆపరేటర్ (డిస్క్‌ని తిప్పే చక్రం). ఇప్పటికి నాలుగు బిగించాం. వాటిలో రెండింటికి మూసిన చోటు నుంచి చక్రం కదలడమే కష్టంగా ఉంది. ఇంకోదానికి నీటి టెస్టు పెట్టగానే ఫ్లాంజ్‌కీ బాడీకీ మధ్య నుంచి చుక్కలు పడుతున్నాయి.

మా ఫోర్‌మన్ గారికి చాలా ఏళ్ల అనుభవం ఉంది. "డిస్క్ పూర్తిగా మూసి బోల్టులు బిగించు, లేకపోతే అంచు ఫ్లాంజ్‌కి తగిలి పాడవుతుంది" అంటారు. మా సీనియర్ ఏమో "పూర్తిగా తెరిచాకే బిగించాలి" అంటారు. ఇద్దరూ పట్టు వదలడం లేదు. మిగతా ఎనిమిది రేపు వేయాలి, నాకు టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా చేస్తున్నారు, ఎందుకలా చేస్తున్నారు?

ఫిట్టర్‌అన్న
తమ్ముడూ, మీ ఫోర్‌మన్ మాటలో పస ఉంది. బటర్‌ఫ్లై వాల్వులో అన్నిటికంటే సున్నితమైనది డిస్క్ అంచు. అక్కడ చిన్న గీత పడినా ఆ వాల్వు ఇక పూర్తిగా ఆపదు. తెరిచిన డిస్క్‌తో వాల్వును రెండు ఫ్లాంజ్‌ల మధ్యకి దింపుతూ పైపు అంచుకి గుద్దిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. అందుకే నా దగ్గర పనిచేసేవాళ్లకి ఒకటే మాట చెబుతాను: మూసి దింపు, మూసి బిగించు, అన్నీ అయ్యాక తెరిచి చూడు.

ఇంకో మాట. చుక్కలు పడుతున్నాయంటే గాస్కెట్ (ఫ్లాంజ్ దగ్గర లీకు ఆపే రింగు) వేయలేదేమో చూడు. నేను రెండు వైపులా మూడు ఎంఎం రబ్బరు గాస్కెట్ వేస్తాను. మనసుకి నిశ్చింతగా ఉంటుంది.

టెస్ట్‌బెంచ్
అన్నా, మూసి దింపాలన్న దాంతో నాకు పేచీ లేదు. మూసి బిగించాలన్న దగ్గరే మీతో గట్టిగా విభేదిస్తున్నాను. మా పని వాల్వుల రిపేరు. "కొత్త వాల్వు, తిరగడం లేదు" అని వచ్చేవాటిని విప్పి చూసేది మేమే.

రబ్బరు సీటు వాల్వులో ఆ రబ్బరు రెండు పనులు చేస్తుంది. లోపల డిస్క్‌ని పట్టి నీటిని ఆపుతుంది. రెండు పక్కలా బాడీ ముఖం కంటే కొద్దిగా బయటికి ఉబ్బి ఉండి, ఫ్లాంజ్‌ని అంటుకొని గాస్కెట్ పని కూడా చేస్తుంది. బోల్టులు బిగించినప్పుడు ఆ ఉబ్బు నలుగుతుంది. రబ్బరు నలిగితే ఎటో ఒకటు కదలాలి కదా, చుట్టూ ఇనుము ఉంది కాబట్టి లోపలికి జరుగుతుంది. ఆ సమయంలో డిస్క్ మూసి ఉంటే రబ్బరు దాని అంచు మీదే ఒత్తుకుపోతుంది, ఒక్కోసారి అంచుకి ఇరువైపులా మెత్తలా లేస్తుంది. చక్రం కదలకపోవడానికి కారణం అదే. గట్టిగా తిప్పితే అప్పుడు సీటు చిరుగుతుంది.

డిస్క్ తెరిచి బిగిస్తే రబ్బరు తన దారిన తను సర్దుకుంటుంది. తర్వాత నెమ్మదిగా మూస్తే డిస్క్ తన చోటు తను చేసుకుంటుంది.

గాస్కెట్ విషయానికొస్తే, రబ్బరు ముఖం ఉన్న వాల్వుకి తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప వేయకూడదు. ఫ్లాంజ్ వచ్చి బాడీ ఇనుముని తాకే దాకా బిగించాలన్నది డిజైన్. మధ్యలో గాస్కెట్ పెడితే ఎంత నలిగిందో చేతికి తెలియదు. మెత్తటి రబ్బరు మీద మెత్తటి గాస్కెట్ కాబట్టి బోల్టు బిగిసేకొద్దీ రెండూ జారతాయి. చుక్కలు పడుతున్న ఆ వాల్వుకి గాస్కెట్ వేశారా?

సైట్_కొత్త
వేశాం సర్. నాలుగింటికీ వేశాం. స్టోర్‌లో ఉన్నవే.

ఫిట్టర్‌అన్న
టెస్ట్‌బెంచ్ గారూ, మీరు బెంచ్ మీద పనిచేస్తారు, అక్కడ చుట్టూ ఖాళీ ఉంటుంది. మేం పైపు కింద పడుకొని బిగిస్తాం. ఫ్లాంజ్‌లు సమానంగా ఉండవు, పైపు ఒక పక్కకి లాగుతూ ఉంటుంది. తెరిచిన డిస్క్ అవతలి పైపు లోపలికి దూరుతుంది. ఆ పైపు లోపలి కొలత సరిపోకపోతే? డిస్క్ వంగితే ఆ ఖర్చు ఎవరు కడతారు?

డ్రాయింగ్‌బల్ల
ఆ ప్రశ్నకి లెక్కతోనే జవాబు చెప్పొచ్చు. సైట్_కొత్త గారి కొలతే తీసుకుందాం. 200 ఎంఎం వేఫర్ వాల్వు బాడీ మందం మామూలుగా 60 ఎంఎం. డిస్క్ వ్యాసం దాదాపు 200 అనుకుంటే, పూర్తిగా తెరిచినప్పుడు రెండు వైపులా 70 చొప్పున పైపులోకి వెళ్తుంది. ఫ్లాంజ్ ముఖం దగ్గర డిస్క్ వెడల్పు ఎంత? 100 వర్గం నుంచి 30 వర్గం తీసేస్తే 9100. దాని వర్గమూలం 95.4. రెండింతలు చేస్తే దాదాపు 191 ఎంఎం. అంటే పైపు లోపలి వ్యాసం 191 కంటే ఎక్కువ ఉండి తీరాలి.

8 అంగుళాల షెడ్యూల్ 40 పైపు (షెడ్యూల్ అంకె పెరిగేకొద్దీ పైపు గోడ మందం పెరుగుతుంది) లోపలి వ్యాసం 202.7. చుట్టూ దాదాపు 6 ఎంఎం ఖాళీ ఉంది, హాయిగా తిరుగుతుంది. షెడ్యూల్ 80 అయితే 193.7, అంటే ఒక్కో పక్క ఒకటిన్నర ఎంఎం కూడా లేదు. వాల్వు మధ్యలో కూర్చోకుండా రెండు ఎంఎం కిందికి జారితే చాలు, తగులుతుంది. షెడ్యూల్ 160కి 173.1. అసలు తెరుచుకోదు. లోపల సిమెంట్ లేదా రబ్బరు లైనింగ్ ఉన్న పైపుకీ ఇదే ఇబ్బంది. అలాంటి చోట మధ్యలో స్పేసర్ రింగు వేయాలి, లేదంటే పైపు లోపలి అంచు చెక్కాలి.

నిజమైన డిస్క్ 200 కంటే కొంచెం తక్కువే ఉంటుంది, డ్రాయింగులో చూసుకోండి. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఫిట్టర్‌అన్న భయం నిజమే, కానీ మూసి బిగిస్తే ఆ ప్రమాదం తప్పిపోదు, వాయిదా పడుతుందంతే. రేపు ఆపరేటర్ తెరిచినప్పుడు తగులుతుంది. అప్పటికి బోల్టులు బిగిసి ఉంటాయి, లైనులో నీళ్లుంటాయి. అది బోల్టులు వదులుగా ఉన్నప్పుడే తెలియడం మంచిది కదా?

నీటిలైను
నాది మూడో పద్ధతి. పెద్ద సైజులు ఎక్కువగా వేశాను, 600, 900 అలాంటివి. డిస్క్‌ని మూసిన చోటు నుంచి 10 డిగ్రీలు తెరిచి దింపుతాను, అలాగే బిగిస్తాను. డ్రాయింగ్‌బల్ల గారి లెక్క ప్రకారమే 200 సైజులో 17 డిగ్రీల దాకా అంచు బాడీ దాటి బయటికి రాదు. 10 డిగ్రీల దగ్గర ఇంకా 12 ఎంఎం లోపలే ఉంటుంది. దేనికీ తగలదు, రబ్బరుకీ వదులు దొరుకుతుంది. పూర్తిగా తెరవడం ఎందుకు?

అసలు గొడవ డిస్క్ కంటే ముందే మొదలవుతుందని నా అభిప్రాయం. ఫ్లాంజ్‌ల మధ్య చోటు చాలకుండా వాల్వును సుత్తితో కొట్టి దూరిస్తారు. అప్పుడు రబ్బరు పెదవి (బయటికి ఉబ్బి ఉండే ఆ అంచు) మడత పడుతుంది. తర్వాత డిస్క్ ఏ స్థితిలో పెట్టి బిగించినా ఆ మడత పోదు. ముందు స్ప్రెడర్‌తో ఫ్లాంజ్‌లను విడదీసి, వాల్వు మందం కంటే కొన్ని ఎంఎంలు ఎక్కువ చోటు చేయాలి. అలైన్‌మెంట్ కూడా అప్పుడే సరిచేయాలి, వాల్వు బోల్టులతో పైపుని లాక్కురాకూడదు.

టెస్ట్‌బెంచ్
నీటిలైను గారూ, మడత గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 10 డిగ్రీల దగ్గర మాత్రం నాకు కొంచెం అభ్యంతరం ఉంది. అక్కడ అంచులో ఎక్కువ భాగం సీటుని వదిలేస్తుంది, కానీ షాఫ్ట్ ఉన్న రెండు చోట్లా ఇంకా ఒరుసుకునే ఉంటుంది. దింపడానికి 10 డిగ్రీలు సరైనదే. బోల్టులు చేతితో బిగించాక ఒకసారి నెమ్మదిగా పూర్తిగా తెరవండి. తగలకపోతే అలాగే ఉంచి స్పానర్ పట్టండి. ఎదురెదురు బోల్టులు, మూడు విడతల్లో.

నీటిలైను
900 సైజుకి పూర్తిగా తెరవాలంటే గేర్ చక్రం చాలాసేపు తిప్పాలి, అయినా ఖాళీ ఉందో లేదో చూడటానికి తెరుస్తాను, అది ఒప్పుకుంటాను. చూశాక మళ్లీ 10కి తెచ్చి బిగిస్తాను. పైపు నిలువుగా ఉన్నప్పుడు పైనుంచి వెల్డింగ్ రవ్వలు, చెత్త పడితే తెరిచిన డిస్క్ పక్క నుంచి కిందికి పోయి పంపు దాకా వెళ్తాయి. అది నాకు రబ్బరు కంటే పెద్ద భయం.

వెల్డింగ్ అన్నాను కాబట్టి ఇంకోటి. ఫ్లాంజ్ సరిగ్గా కూర్చోవాలని వాల్వు మధ్యలో పెట్టి ట్యాక్ (అక్కడక్కడ చిన్న చుక్క వెల్డ్) వేయడం వరకే. ఆ తర్వాత వాల్వు తీసేసి పూర్తి వెల్డ్ కొట్టి, చల్లారాకే మళ్లీ పెట్టాలి. వాల్వు ఉండగా పూర్తి వెల్డ్ కొడితే సీటు కాలిపోతుంది.

ఇన్‌స్ట్రుమెంట్_పని
ఇక్కడ అందరూ రబ్బరు సీటు గురించే మాట్లాడుతున్నారు. ఇది చదివి ఎవరైనా మెటల్ సీటు ట్రిపుల్ ఆఫ్‌సెట్ వాల్వుని (షాఫ్ట్ పక్కకి జరిపి ఉండి, లోహం మీద లోహం ఆనే రకం) తెరిచి బిగిస్తారేమోనని రాస్తున్నాను. దాని కథ వేరు. దాన్ని మూసే దింపాలి, మూసే బిగించాలి. సీటుకీ డిస్క్ అంచుకీ గీత పడకుండా అదే రక్షణ. దానికి గాస్కెట్ తప్పనిసరి, ఎందుకంటే దాని ముఖం మీద రబ్బరు ఉండదు. బాడీ మీద బాణం గుర్తు ఉంటే దాన్ని బట్టి పెట్టాలి. ఫిట్టర్‌అన్న లాంటి అనుభవజ్ఞులకి "మూసి బిగించు" అన్న అలవాటు ఈ రకం వాల్వుల దగ్గర వచ్చి ఉండొచ్చు.

ఇంకా ముఖ్యమైనది. స్ప్రింగ్ యాక్చువేటర్ (గాలి ఒత్తిడితో, స్ప్రింగ్‌తో డిస్క్‌ని తిప్పే పరికరం) ఉండి, గాలి లేకపోతే తెరుచుకునే రకం వాల్వు పెట్టెలోంచి తీసేటప్పటికే పూర్తిగా తెరిచి ఉంటుంది. డిస్క్ రెండు వైపులా బయటికి పొడుచుకొని ఉంటుంది. దాన్ని అలాగే దింపితే అంచు దెబ్బతినడం ఖాయం. తాత్కాలికంగా గాలి ఇచ్చి మూయాలి, లేదా యాక్చువేటర్ విప్పి పెట్టాలి. గాలి ఇచ్చి మూసినప్పుడు చేతులు డిస్క్ దగ్గర అస్సలు పెట్టకండి. గొట్టం ఊడితే స్ప్రింగ్ ఒక్క క్షణంలో తెరుస్తుంది, వేళ్లు పోతాయి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సైట్_కొత్త
ఈ రోజు చుక్కలు పడుతున్న వాల్వు విప్పాం. లైను ఖాళీ చేసి, డిస్క్ మూసి బయటికి తీశాం. కింది భాగంలో రబ్బరు పెదవి రెండు వేళ్ల వెడల్పున లోపలికి మడత పడి ఉంది. గాస్కెట్ ఒక పక్కకి జారి పైపు లోపలికి కొంచెం వచ్చింది. ఫ్లాంజ్‌ల మధ్య చోటు కొలిస్తే 61 ఎంఎం ఉంది. 60 ఎంఎం ఇనుము, దానికి రెండు పక్కలా రబ్బరు ఉబ్బు, రెండు గాస్కెట్లు అందులో ఎలా పట్టాయో చూసి మా ఫోర్‌మన్ గారే ఆశ్చర్యపోయారు. ఆ రోజు కుర్రాళ్లు కొట్టి దూర్చారట.

గట్టిగా తిరుగుతున్న రెండింటిలో ఒకదానికి బోల్టులు వదులు చేసి, గాస్కెట్లు తీసి, డిస్క్ పూర్తిగా తెరిచి మళ్లీ బిగించాం. మా పైపు షెడ్యూల్ 40, ఎక్కడా తగల్లేదు. ఇప్పుడు చక్రం ఒక చేత్తో తిరుగుతోంది.

ఫిట్టర్‌అన్న
గాస్కెట్ విషయంలో నేను మార్చుకుంటాను. ఆ మడత వివరం చదివాక నేను వేసిన కొన్ని లైన్లు గుర్తొచ్చాయి, అక్కడ కూడా కింది వైపు నుంచే చెమ్మ వచ్చేది. అప్పుడు బోల్టులు ఇంకా బిగించమన్నాను, అది తప్పే. డిస్క్ విషయంలో మాత్రం నీటిలైను గారి 10 డిగ్రీల దగ్గరే ఆగుతాను. కుర్రాళ్ల చేతికి తెరిచిన వాల్వు ఇవ్వడానికి నాకు మనసు ఒప్పదు.

తమ్ముడూ, రబ్బరుకి గ్రీజు రాశారా?

సైట్_కొత్త
మామూలు గ్రీజు కొంచెం రాశారు అన్నా, జారుతుందని.

టెస్ట్‌బెంచ్
అది వెంటనే తుడిచేయండి. ఈపీడీఎం రబ్బరుకి పెట్రోలియం గ్రీజు పడదు, పీల్చుకొని ఉబ్బుతుంది. అప్పుడు డిస్క్ ఎలా పెట్టి బిగించినా చక్రం మళ్లీ బిగుసుకుపోతుంది. సబ్బు నీళ్లు చాలు, లేదా సిలికాన్ గ్రీజు. గ్రీజు రాసినవి ఏవో గుర్తుంటే వాటి సీట్లను ఒక్కసారి వేలితో నొక్కి చూడండి. మెత్తబడినట్టు అనిపిస్తే సీటు మార్చాకే లైనులో పెట్టండి.